పాత ఎంఎక్స్-5 కొన్నాక మొదటి నెల: ఏది దాని గుణం, ఏది జబ్బు

ముందుగా అభినందనలు. మంచి బండి కొన్నారు.

1991 మాజ్డా ఎంఎక్స్-5 (గుడ్డ టాపు ఉన్న రెండు సీట్ల చిన్న కారు), 1.6 లీటర్ల ఇంజన్, 1,40,000 కి.మీ. తిరిగింది అన్నారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ పైభాగం నుంచి టకటకమని చప్పుడు వస్తోందని, చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు సరిగా పడటం లేదని, వాన పడ్డాక సీట్ల వెనక కార్పెట్ తడిగా ఉంటోందని రాశారు. బండి కిందికి దించి పెద్ద చక్రాలు వేయిద్దామనుకుంటున్నాను, ముందు ఏది చేయించాలి అని అడిగారు. మీరు చెప్పిన మూడింటిలో రెండు ఆ బండి గుణాలు. మూడోది మాత్రం జబ్బు, అదీ బండిని లోపల్నుంచి తినేసే జబ్బు. అందుకే దానితోనే మొదలుపెడతాను.

ఈ తరం బండినే నేను పదహారేళ్లుగా నడుపుతున్నాను. దాని పనులు చాలావరకు నా చేత్తో చేసుకున్నవే కాబట్టి చెప్పేది చూసిందే, విన్నది కాదు.

ఈ కారు టాపు మీద పడ్డ వాన నీళ్లు ఎటు పోతాయో చూడండి. గుడ్డ టాపు వెనక అంచు లోపల కాలువ లాంటి పట్టీ ఒకటి ఉంటుంది. నీళ్లు అందులో చేరి, రెండు పక్కలా సీటు బెల్టు స్తంభాల వెనకున్న రంధ్రాల్లోకి దిగి, బాడీ లోపలి గొట్టాల గుండా వెనక చక్రాలకు కాస్త ముందు నేల మీద పడాలి. ముప్ఫై ఏళ్లలో ఆ గొట్టాల్లో ఎండుటాకులు, దుమ్ము, టాపు నుంచి రాలిన పీచు చేరి బంకమట్టిలా గడ్డకడతాయి. అప్పుడు నీళ్లకు దారి లేక సీట్ల వెనకకు పొంగుతాయి. కార్పెట్ తడిస్తే నిజానికి మీ అదృష్టమే, కంటికి కనిపిస్తుంది. కనిపించకుండా తలుపు కింది సిల్ లోపలికి దిగిన నీళ్లతోనే అసలు ప్రమాదం. సిల్ లోపల తుప్పు మొదలై, వెనక చక్రం ముందు పెయింటు మీద చిన్న బుడిపెలా పైకి తేలేసరికి లోపల రేకు సగం పోయి ఉంటుంది.

నా బండిలో ఇదే జరిగింది. నీళ్లు తలుపు అద్దం దగ్గర్నుంచి వస్తున్నాయనుకుని అక్కడి రబ్బరు రెండుసార్లు మార్చాను. ఒక రోజు చెంబుడు నీళ్లు తెచ్చి కుడివైపు రంధ్రంలో మెల్లగా పోసి, కింద పడతాయేమోనని చక్రం పక్కన నేల మీద కూర్చుని చూశాను. చుక్క రాలేదు. మెత్తటి ప్లాస్టిక్ తీగ ఒకటి పైనుంచి దించి మెలితిప్పుతూ పోతే, కాసేపటికి లోపల ఏదో వదిలినట్టయి, నల్లటి బురద నీళ్లు ఒక్కసారిగా బుడబుడమంటూ కిందికి దూకాయి. ఆ వాసన ఇంకా గుర్తుంది. అప్పటికే రెండేళ్లు ఆలస్యమైంది. ఆ వైపు సిల్ వెనక ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది.

మీరూ ఈ వారమే చెంబుతో నీళ్లు పోసి చూడండి, రెండు వైపులా. ఇనప తీగ మాత్రం వాడకండి. గొట్టంలో నీళ్లు వెనక్కి రాకుండా చిన్న ప్లాస్టిక్ తలుపు ఉంటుంది, పదునైనది తగిలితే చిరిగిపోతుంది. గొట్టాలు శుభ్రమయ్యాక కార్పెట్ పూర్తిగా ఎత్తి, కింద ఉన్న మందపాటి పొరతో సహా ఎండబెట్టండి. పైన చేత్తో తాకితే పొడిగా అనిపిస్తుంది గానీ ఆ పొర స్పాంజిలా వారాల తరబడి తడిని పట్టుకుని ఉంటుంది.

ఇక టకటక. ఈ ఇంజన్‌లో వాల్వుల దగ్గర, వాటిని నొక్కే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి. లోపల ఆయిల్ నిండి ఉంటేనే అవి సందు లేకుండా పనిచేస్తాయి. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందికి జారిపోతుంది, పొద్దున్న మళ్లీ నిండేదాకా టకటకలాడతాయి. ఒకటి రెండు నిమిషాల్లో, లేదా ఇంజన్ వేడెక్కేలోపు ఆగిపోతే అది ఈ ఇంజన్ గుణమే, నిద్ర చెడగొట్టుకోకండి. మొదట ఆయిల్ మట్టం చూడండి. తక్కువైతే ఈ చప్పుడు పెరుగుతుంది. పాత ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు కాబట్టి ఇప్పుడు ఒకసారి, మళ్లీ 1,500 కి.మీ. దగ్గర ఇంకోసారి మార్చండి. లిఫ్టర్ల సన్నని దారుల్లో పేరుకున్న మడ్డి చాలావరకు రెండోసారికి పోతుంది, చప్పుడు తేడా మీకే తెలుస్తుంది. ఫిల్టర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, చెయ్యి దూరని చోట ఉంటుంది. విప్పినప్పుడు పాత ఫిల్టర్ రబ్బరు రింగు దానితో పాటే వచ్చిందో లేదో వేలితో తడిమి చూడండి. అది ఇంజన్‌కే అంటుకుని ఉండగా కొత్తది బిగిస్తే ఆయిలంతా నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది.

అయితే ఒక తేడా గుర్తుపట్టాలి. లిఫ్టర్ చప్పుడు పైనుంచి, సన్నగా, కుట్టుమిషన్‌లా వస్తుంది. కింద నుంచి బరువుగా, సుత్తితో కొట్టినట్టు, యాక్సిలరేటర్ మీద కాలు వేస్తే పెరిగే చప్పుడైతే బండి ఆపేయండి. అది బేరింగుల సంగతి. మీ 1991 మోడల్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు నిజంగా ఒత్తిడిని కొలిచేదే. 1995 మోడల్ నుంచి అది ఉందా లేదా అని మాత్రమే చెప్పేలా మార్చేశారు. కాబట్టి మీ బండిలో వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరకే నడుస్తున్నప్పుడు) ముల్లు కిందికి దిగి, ఇంజన్ వేగం పెంచగానే పైకి లేస్తే కంగారు పడకండి, అది చేయాల్సిన పనే చేస్తోంది.

రెండో గేరు సంగతికొస్తే, చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు కిలోమీటర్లు రెండో గేరు బిగుసుకోవడం ఈ గేర్‌బాక్సుల్లో మామూలే. బలవంతంగా తోయకండి. గేరు పడే చోటికి లివర్‌ను మెల్లగా ఆనించి ఉంచితే అదే తీసుకుంటుంది. గరగరమంటూ పడుతుంటే మాత్రం ఆయిల్ మార్చి చూడండి. గేర్ ఆయిల్ డబ్బా మీద జీఎల్-4 అనే రకం, 75డబ్ల్యూ-90 అనే చిక్కదనం ఉన్నది తీసుకోండి, రెండు లీటర్లు పడుతుంది. జీఎల్-5 వద్దని నేనంటాను. అందులో డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య శక్తిని పంచే గేర్ల పెట్టె) పళ్ల కోసం ఎక్కువగా కలిపే గంధకపు రసాయనాలు గేర్‌బాక్సులో గేర్లు సాఫీగా కలిసేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు మంచివి కావు. పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా పైన నింపే బోల్ట్ వదులు చేసి, ఆ తర్వాతే కింద వదిలే బోల్ట్ ముట్టుకోండి. పాతదంతా కిందికి వదిలేశాక పై బోల్ట్ రాకపోతే, ఆయిల్ లేని గేర్‌బాక్సుతో బండి కదలకుండా ఉండిపోతుంది.

గేర్ లివర్ కింద ఇంకో చిన్న రహస్యం ఉంది. లివర్ అడుగు గుండు గేర్‌బాక్సుతో సంబంధం లేని సొంత ఆయిల్ గిన్నెలో తిరుగుతుంది. గేర్‌బాక్సు ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఆ గిన్నెలోకి చుక్క చేరదు. దాని మీది రబ్బరు తొడుగులు ఈ వయసుకు దాదాపు అన్ని బండ్లలోనూ చిరిగిపోయే ఉంటాయి. లివర్ చుట్టూ వేడిగాలి, రోడ్డు చప్పుడు వస్తోందంటే అదే కారణం. తొడుగులు మార్చి, లివర్ అడుగు ప్లాస్టిక్ బుష్ కొత్తది వేసి, గిన్నెలో కొంచెం ఆయిల్ పోస్తే గేరు చిటికెలో మారడమంటే ఏమిటో తెలుస్తుంది. తక్కువ ఖర్చుతో ఇంత ఆనందం ఇచ్చే పని ఈ బండిలో ఇంకోటి లేదు.

ఆయిల్ మార్చినా గేర్లన్నీ బిగుసుకుంటుంటే, ముఖ్యంగా రివర్స్ పడేటప్పుడు గరగరమంటుంటే, తప్పు గేర్‌బాక్సుది కాదు. క్లచ్ దగ్గర ఉండే స్లేవ్ సిలిండర్‌ది, పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను నెట్టేది అదే. ఈ బండ్లలో అది చెప్పాపెట్టకుండా పోతుంది. పొద్దున బాగానే ఉన్న పెడల్ సాయంత్రానికి నేలకు అంటుకుంటుంది. సిలిండర్ చివరి రబ్బరు తొడుగును వేలితో కొంచెం పక్కకు లాగండి. లోపల తడి కనిపిస్తే రోజులు దగ్గరపడ్డట్టే. స్లేవ్ కొత్తది వేస్తే పెడల్ దగ్గర ఒత్తిడి పుట్టించే పై మాస్టర్ సిలిండర్ కూడా దానితోనే మార్చేయండి. ఒకటి కొత్తదై గట్టిగా పట్టుకుంటే రెండోది కొద్ది నెలల్లోనే కారడం చాలాసార్లు చూశాను.

మీరు అడగకపోయినా 1991 బండి కాబట్టి తప్పకుండా చెప్పాల్సింది ఒకటుంది. మొదట్లో తయారైన 1.6 ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు ముక్కు పొట్టిగా ఉంటుంది. అక్కడ టైమింగ్ బెల్ట్ (వాల్వులను పిస్టన్లతో లయలో నడిపే పళ్ల బెల్టు) తిరిగే పుల్లీని గాడిలో కూర్చునే ఒక చిన్న తాళం ముక్క (కీ), ఒక బోల్టు పట్టి ఉంచుతాయి. టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడు ఎవరైనా ఆ బోల్టు సరిగా బిగించకపోతే తాళం ముక్క కొద్దికొద్దిగా కదిలి, గాడి అరిగి, చివరికి క్రాంకే పాడవుతుంది. 1991 ఉత్పత్తి మధ్యలో దీన్ని పొడవు ముక్కుకు మార్చారు. కాబట్టి మీ బండి అటో ఇటో తెలుసుకోవాలి. బోనెట్ ఎత్తి, టార్చ్ వేసి, ఇంజన్ ముందు అడుగున ఉన్న క్రాంక్ పుల్లీ చూడండి. మధ్య బోల్ట్ చుట్టూ గాళ్లు కనిపిస్తాయి. నాలుగుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడవు ముక్కు. పొట్టిదైనా భయపడి అమ్మేయాల్సిన పని లేదు, లక్షల కిలోమీటర్లు తిరిగినవి ఉన్నాయి. ఇంజన్ నడుస్తుండగా పుల్లీ అటూ ఇటూ ఊగకుండా నిలకడగా తిరుగుతోందో లేదో చూడండి. ఇక ముందు ఆ బోల్ట్ విప్పిన ప్రతిసారీ కొత్త బోల్టే వేయించండి, టార్క్ రెంచ్‌తోనే బిగించమని దగ్గరుండి చెప్పండి.

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో పాత రసీదు ఉందా? లేకపోతే మార్చలేదనే అనుకోండి. దాదాపు లక్ష కి.మీ.కు ఒకసారి మార్చాలి. తక్కువ తిరిగిన బండైనా ఆరేడేళ్లకు మార్చడమే మంచిది, రబ్బరు కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కపెడుతుంది. ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, బండి ఉన్నచోట ఆగిపోతుందంతే. వాటర్ పంప్ మార్చాలంటే ఎలాగూ ఈ బెల్ట్ విప్పాలి కాబట్టి పంప్, క్రాంక్ సీల్, క్యామ్ సీళ్లు అన్నీ ఒకే విడతలో అయిపోవాలి.

కూలింగ్ విషయంలో రాజీ పడొద్దు. రేడియేటర్ పైన ఉండే ప్లాస్టిక్ తొట్టి కొత్తగా ఉన్నప్పుడు నల్లగా ఉంటుంది. వయసు పైబడేకొద్దీ గోధుమ రంగుకు, ఆ తర్వాత పాచి పట్టినట్టు ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగుకు తిరుగుతుంది. మీది ఆ రంగులో ఉంటే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టు. లీకయ్యేదాకా ఆగకండి. అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కిందంటే ఆ ఒక్కసారికే హెడ్ వంగిపోవచ్చు. రేడియేటర్, మూత, థర్మోస్టాట్, గొట్టాలు కలిపి మార్చండి. కూలెంట్ సుమారు ఆరు లీటర్లు పడుతుంది. ఇంజన్ వెనక, క్యాబిన్ గోడకు ఆనుకుని ఉండే హీటర్ గొట్టాలను అందరూ మర్చిపోతారు. వాటికి దగ్గర్లోనే, ఇంజన్ హెడ్ వెనక చివర క్యామ్ యాంగిల్ సెన్సర్ అనే భాగం ఉంటుంది. దాని చిన్న ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) గట్టిపడితే ఆయిల్ కారి ఆ గొట్టాల మీద పడి రబ్బరును మెత్తబరుస్తుంది, అలాగే కిందికి జారి గేర్‌బాక్సు మొదట్లో చుక్కలు కడుతుంది. కింద నుంచి చూసిన మెకానిక్ వెనక క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్సు దించాలి అంటారు. దించే ముందు హెడ్ వెనక అద్దం పెట్టి చూడండి. నా స్నేహితుడు ఒకరు పెద్ద ఖర్చుకు సిద్ధమయ్యాక చూస్తే తప్పంతా ఆ చిన్న రింగుదే.

ఇంజన్ ఒక్కోసారి తడబడినట్టు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడో తేమగా ఉన్నప్పుడో కుదుపు వస్తే నిప్పురవ్వకు కరెంటు పుట్టించే కాయిల్‌ను అనుమానించకముందు ప్లగ్ వైర్లు చూడండి. చీకట్లో బోనెట్ ఎత్తి ఇంజన్ నడవనిస్తే, పాడైన వైరు చుట్టూ నీలిరంగు మెరుపులు సన్నగా కనిపిస్తాయి. చేత్తో మాత్రం తాకకండి.

వెనక బ్రేకుల దగ్గర మంచి మెకానిక్‌లు కూడా ఒక పొరపాటు చేస్తారు. ముందు చక్రాల కాలిపర్‌లో (బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే పట్టకారు లాంటి భాగం) పిస్టన్‌ను నొక్కితే లోపలికి పోతుంది. వెనకవాటిని అలా నొక్కకూడదు, హ్యాండ్ బ్రేక్ యంత్రాంగం లోపలే ఉంటుంది, నొక్కితే విరుగుతుంది. కాలిపర్ వెనకాల ఒక మూత బోల్ట్ విప్పితే లోపల 4 మి.మీ. అలెన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితేనే పిస్టన్ వెనక్కి జరుగుతుంది. ప్యాడ్లు వేశాక డిస్క్ బిగుసుకునేదాకా స్క్రూ తిప్పి, అక్కడి నుంచి చుట్టులో మూడో వంతు వెనక్కి వదలాలి. హ్యాండ్ బ్రేక్ బాగా పైకి లాగాల్సి వస్తోంది, కేబుల్ సాగింది అని చాలామంది చెప్పేది నిజానికి ఈ స్క్రూ సర్దకపోవడమే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. చవకగా వచ్చింది కదా అని మామూలు బ్యాటరీ పెట్టకండి. చార్జింగ్‌లో వెలువడే వాయువు, ఆమ్లపు ఆవిరి మూసి ఉన్న డిక్కీలోనే తిరిగి రేకును తినేస్తాయి. ఈ బండి కోసం చేసే సీల్డ్ రకమే కొని, పక్కనుండే సన్నని గొట్టాలు దానికి తగిలించండి. అవి ఆ వాయువును కిందకు, బయటకు పంపుతాయి. పాత బ్యాటరీ తీసినప్పుడు దాని కింద తెల్లటి పొడి, పెయింటు లేచిన గుర్తులు ఉన్నాయేమో చూడండి.

పైకి లేచే హెడ్‌లైట్లలో ఒకటి ఎప్పుడో ఒక రాత్రి సగంలో ఆగిపోతుంది. దాని మోటార్ మీద రబ్బరు టోపీ కింద చిన్న గుండ్రటి పిడి ఉంటుంది, చేత్తో తిప్పితే లైటు పైకి లేస్తుంది. ముందు దాని ఫ్యూజ్ తీసేయండి, మోటార్ అకస్మాత్తుగా తిరిగితే వేళ్లకు దెబ్బ. టాపు దించే ముందు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్ తీసి పడుకోబెట్టండి, చలిలో అసలు మడవొద్దు, పెళుసుగా ఉండి పగులుతుంది. అద్దాలు మెల్లగా ఎక్కడం, గతుకుల్లో డ్యాష్‌బోర్డ్ వణకడం, కాళ్ల దగ్గర వెచ్చగా ఉండటం ఇవన్నీ దాని స్వభావం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. దించడం, పెద్ద చక్రాలు రెండూ ఆరు నెలలు ఆపండి. ఈ కారును 1989లో చికాగో ఆటో షోలో చూపించినప్పుడు దాని బలం గుర్రపు శక్తిలో లేదు, బరువు లేకపోవడంలో ఉంది. టన్నుకు అటూ ఇటూ తూగే బండి, ముందూ వెనకా బరువు దాదాపు సమానం, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టి ఉంచే అమరిక). చేసినవాళ్లు గుర్రమూ రౌతూ ఒకటైనట్టు ఉండాలని కోరుకుని, ఆ మాటనే జపనీస్‌లో జిన్‌బా ఇత్తాయ్ అని చెప్పుకున్నారు. ముప్ఫై ఏళ్లకు గట్టిపడిన బుష్‌లు (ఆ చేతుల కీళ్ల దగ్గరి రబ్బరు మెత్తలు), అరిగిపోయిన షాక్ అబ్సార్బర్లు ఉన్న మీ బండిలో ఆ గుణం మీరింకా రుచి చూడనేలేదు. చూడకుండా మార్చేస్తే ఏం పోగొట్టుకున్నారో కూడా తెలియదు. ఆ డబ్బుతో బుష్‌లు, షాక్‌లు కొత్తవి వేయించి, నాలుగు చక్రాలకూ అలైన్‌మెంట్ చేయించండి. చేయించే ముందు వారం రోజులు కింది చేతుల్లోని పొడవాటి సర్దుబాటు బోల్టులకు రోజూ తుప్పు వదిలించే నూనె కొట్టండి. అవి బుష్‌లకు తుప్పుతో అతుక్కుపోతాయి.

అన్నిటికంటే ముందు టైర్లు. గాళ్లు లోతుగా ఉన్నాయని సరిపెట్టుకోకండి. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు ఆ ఏడాదిలో ఎన్నో వారమో, తర్వాతి రెండు ఏ సంవత్సరమో చెబుతాయి. ఆరేళ్లు దాటితే మార్చేయండి. మీ బండిలో స్కిడ్‌ను సర్దిపెట్టే ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. తడి రోడ్డు మీద మలుపులో గట్టిపడిన టైరు వదిలేస్తే వెనక భాగం మీ కంటే ముందు తిరుగుతుంది. కంపెనీ ఇచ్చిన సైజు 185/60 ఆర్14, గాలి 26 పీఎస్ఐ. గాలి కొట్టేవాళ్లు అలవాటుగా ఎక్కువ పెడతారు, బిగుసుకుపోయి పట్టు పోతుంది.

చక్రాలు విప్పేందుకు జాకీ పెట్టేటప్పుడు ముందువైపు ఇంజన్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ మధ్యలో, వెనకవైపు డిఫరెన్షియల్ కింద పెట్టండి. గేర్‌బాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలుపుతూ పొడవాటి అల్యూమినియం దూలం ఒకటి కనిపిస్తుంది. గట్టిగా ఉంది కదా అని దాని కింద పెట్టకండి, వంగితే రెండూ వరుస తప్పుతాయి. ఎత్తాక స్టాండ్లు పెట్టకుండా బండి కిందికి దూరకండి.

బండి ఎత్తినప్పుడే సిల్‌ల వెనక చివరలను, చక్రం ముందు భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కుతూ రండి. ఎక్కడైనా మెత్తగా తగిలినా, కరకరమన్నా అక్కడి ఫొటో, క్రాంక్ పుల్లీ గాళ్ల ఫొటో రెండూ పెట్టండి. రేకు పని ఎంతవరకు అవసరమో చూసి చెబుతాను.